కాలువ వెంట కారు: కోనసీమలో నిదానంగా ఒక రోజు ప్రయాణం

వేగంగా బండి నడపడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది, నిదానంగా నడపడం మాత్రం పట్టుబట్టి నేర్చుకోవలసిన పని. నేను మొదటిసారి రాజమహేంద్రవరం నుంచి అంతర్వేదికి వెళ్లినప్పుడు పెద్ద రోడ్డు పట్టుకొని, మధ్యలో ఎక్కడా ఆగకుండా, పొద్దెక్కకముందే గుడి ముందు దిగాను. దర్శనం బాగానే జరిగింది. ఇంటికి వచ్చాక దారిలో ఏం చూశావని అమ్మ అడిగితే చెప్పడానికి ఒక్క ఊరి పేరు కూడా నోటికి రాలేదు. ఆ తరువాతి ఏడాది అదే అంతర్వేదికి కాలువగట్టు పట్టుకొని వెళ్లాను, ఆ రోజు గంట గంటా నాకు ఈనాటికీ గుర్తుంది. అలాంటి ప్రయాణం చేయాలనుకునేవారికి దారి, కాలం, బండి, గట్టు మీద పాటించవలసిన మర్యాద, వీటి గురించి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక నియమం పెట్టుకోవాలి. ఊరు పేరు చూసి కాకుండా కాలువను చూసి దారి ఎంచుకోవాలి. చాలామంది ఫోనులో మ్యాపు తెరిచి గమ్యం పేరు కొడతారు, అది అన్నిటికన్నా త్వరగా చేర్చే దారిని చూపిస్తుంది, ఆ దారి హైవే మీదుగానే పోతుంది. కాలువకు తొందర లేదు. ఇంజనీరు ఇచ్చిన వాలు ఎంతో అంతే వేగంతో, ఎదురుగా ఊరు వస్తే ఊరిని చుట్టుకొని, తోట వస్తే తోట అంచున వంగి, మనిషి నడకతో పోటీ పడుతున్నట్టు పారుతుంది. దాని పక్కన వెళ్లే రోడ్డు కూడా అలాగే వంగుతుంది కనుక, మనం ఎంత తొందరపడినా ఆ రోడ్డు మనలను తొందరపడనివ్వదు.

కాలువగట్టు రోడ్డునే ఎందుకు పట్టుకోమంటున్నానో చెప్పాలంటే డెల్టా నేల సంగతి కొంచెం తెలియాలి. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది, మరికొంత దిగువన వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది, ఈ పాయల నడుమ ఉన్న నేలే కోనసీమ. వరద వచ్చి గట్టు పొర్లినప్పుడల్లా నది తన ఒండ్రులోని బరువైన ఇసుకను ఒడ్డు దగ్గరే వదిలేసి, సన్నని మట్టిని మాత్రం దూరంగా మోసుకుపోతుంది. అందుచేత డెల్టాలో మనం అనుకునేదానికి భిన్నంగా నది ఒడ్డే ఎత్తుగా ఉంటుంది, ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. ఏ యంత్రమూ లేకుండా నీరు తనంతట తాను చేలలోకి పారాలంటే కాలువను ఎత్తయిన చోటనే నడపాలి, చేలల్లో మిగిలిన నీటిని తీసుకుపోయే మురుగు కాలువను పల్లంలో తవ్వాలి. కాబట్టి సాగుకాలువ గట్టు మీద వెళుతున్నవారికి ఒకవైపు నీరు, మరొకవైపు దిగువన చేలు, ఆ చేల చివర కొబ్బరితోటల వరుస, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. బల్లపరుపుగా ఉండే ఈ ప్రాంతంలో కాస్త పైనుంచి చూసే భాగ్యం గట్టు మీద వెళ్లేవారికే దక్కుతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టించి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేయించిన తరువాత, ఈ కాలువలు సాగునీటికే గాక పడవల రాకపోకలకు కూడా పనికొచ్చాయి. గాలివాటం లేనప్పుడు పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకొని మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు. మనం కారులో వెళుతున్న గట్టు ఆ రోజుల్లో అలా తాడు లాగుతూ నడిచినవారి బాట. ఆ సంగతి తెలిసిన తరువాత ఈ దారిలో యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో పోవడానికి నాకు మనసొప్పలేదు. ఇరవై అయిదు నుంచి ముప్పై దాటకుండా వెళితే చాలు, అంతకన్నా తగ్గినా నష్టం లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది తరువాతి ప్రశ్న. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, ఆ రోజుల్లో వెళితే అడుగున బురద, గుర్రపుడెక్క తప్ప నీరు కనిపించదు, ఎండ కూడా భరించరానిదిగా ఉంటుంది. జూన్‌లో నీరు వదలగానే సార్వాకు, అంటే తొలకరి వరిపంటకు, ఆకుమళ్లు పోస్తారు, జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు సాగుతాయి, ఆ నెలల్లో కాలువలోకి వచ్చే ఎర్రనీరు చూడవలసిందే. సెప్టెంబరు, అక్టోబరుల్లో చేలు చిక్కటి పచ్చగా ఉంటాయి. నవంబరులో కోతలు మొదలవుతాయి, జనవరికల్లా రెండవ పంటైన దాళ్వా నాట్లు పడి నీళ్లలో ఆకాశం కనిపిస్తుంది. నన్నడిగితే అక్టోబరు రెండవ భాగం, జనవరి చివరి వారం, ఈ రెండూ అన్నిటికన్నా మంచివి. అక్టోబరులో పచ్చదనం, జనవరిలో వెలుతురు. అయితే అక్టోబరులో తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ప్రయాణం పెట్టుకోకూడదు. డిసెంబరు, జనవరుల్లో పొగమంచు దట్టంగా పడిన ఉదయాన కాలువకూ రోడ్డుకూ తేడా తెలియదు, అలాంటప్పుడు ఎంత తొందరగా లేచినా సరే, ఎండ పొడ వచ్చి గట్టు అంచు స్పష్టంగా కనబడేదాకా బడ్డీ దగ్గర టీ తాగుతూ ఆగడమే తెలివైన పని.

వరద రోజుల గురించి విడిగా చెప్పాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా బయలుదేరే ముందురోజు ధవళేశ్వరం వద్ద నీటిమట్టం ఎంత ఉందో వార్తల్లో చూసుకోవాలి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే నది మధ్య దిబ్బల మీదున్న లంక గ్రామాలకు వెళ్లే కాజ్‌వేల (ఎత్తు తక్కువ వంతెనల) మీదకు నీరు ఎక్కడం మొదలవుతుందని అనుకోవాలి, ఆ రోజుల్లో అక్కడివారు పడవల మీద తిరుగుతూ ఉంటారు. వారి ఇబ్బందిని చూడడానికి కారు వేసుకొని వెళ్లడం మర్యాద కాదు, క్షేమం అంతకన్నా కాదు. పారుతున్న నీటిలో కాజ్‌వే దాటే ప్రయత్నం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు, నీరు మోకాలి లోతే కదా అనిపించినా సరే. అలాగే సంక్రాంతి మూడు రోజులూ కోనసీమ రోడ్ల మీద నిదానపు ప్రయాణం సాగదు. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థమనే జాతర చూడాలంటే అది వేరే ప్రయాణం, దానికి కారును దూరంగా వదిలి నడవాలి.

బండి విషయానికి వస్తే, చిన్న కారు అన్నిటికన్నా అనువైనది. గట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చినప్పుడు చిన్న కారు విలువ తెలుస్తుంది. బ్రేకులు, స్టెప్నీ, హారను సరిచూసుకొని, రాజమహేంద్రవరంలోనే ట్యాంకు నింపుకోవాలి. నిదానంగా వెళ్లడమంటే క్లచ్చి మీద కాలు పెట్టి ఈడ్చుకుపోవడం కాదు, అలా చేస్తే సాయంత్రానికి క్లచ్చి వాసన వస్తుంది. రెండవ గేరులోనో మూడవ గేరులోనో ఇంజను ఇబ్బంది పడకుండా తన పాటికి తాను లాగే వేగం ఒకటి ప్రతి బండికీ ఉంటుంది, దానిని పట్టుకొని క్లచ్చి మీద నుంచి కాలు తీసేయాలి. ఏసీ ఆపి అద్దాలు నాలుగూ దించాలి, పాటలు కూడా ఆపేయాలి. ఇది పట్టుదలగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో సగం చెవులకూ ముక్కుకూ చెందినది. లాకుల దగ్గర నీరు దూకే చప్పుడు, తడిసిన వరిగడ్డి వాసన, ఎండబెట్టిన కొబ్బరి పీచు వాసన, బట్టలు ఉతికే రేవులో బండమీది దెబ్బల చప్పుడు, ఇవేవీ అద్దం దాటి లోపలికి రావు. మోటారుసైకిలు మీద వెళ్లేవారు కళ్లజోడు గాని, అద్దమున్న హెల్మెట్టు గాని తప్పక పెట్టుకోవాలి, ఎందుకంటే సాయంత్రం కాలువ మీద లేచే పురుగులు తిన్నగా కళ్లలోకి వస్తాయి.

దారి

తెల్లవారుజామున అయిదున్నరకు రాజమహేంద్రవరంలో బయలుదేరితే ఆరులోపు ధవళేశ్వరం చేరుతారు. కాటన్ ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. అది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను కలుపుకొంటూ, మొత్తం 175 తలుపులతో నదికి అడ్డంగా సాగుతుంది. బ్యారేజీ మీద బండి ఆపకూడదు. ధవళేశ్వరం వైపే ఒక పక్కన బండి పెట్టి, నడిచి వెళ్లి, ఎగువన సముద్రంలా నిలిచిన నీటినీ, దిగువన ఇసుకదిబ్బల మధ్య పాయలు పాయలుగా జారుతున్న నీటినీ చూడాలి. రోజంతా మీరు వెంటపడబోయే నీరు ఎక్కడ నుంచి వస్తున్నదో కంటితో చూసి బయలుదేరితే ప్రయాణానికి ఒక మొదలు ఉంటుంది.

బ్యారేజీ మొదటి రెండు భాగాలు దాటితే బొబ్బర్లంక. కోనసీమకు నీరిచ్చే మధ్య డెల్టా ప్రధాన కాలువ ఇక్కడే మొదలవుతుంది, మన అసలు ప్రయాణం కూడా ఇక్కడే మొదలవుతుంది. ఇక్కడి నుంచి లొల్ల దాకా కాలువను వదలకండి. దూరం ఎక్కువ కాదు గాని, ఈ ముక్కకు గంట సమయం ఇవ్వాలి. ఉదయం ఏడు గంటల లోపు ఈ దారిలో పాలక్యాన్ల మోటారుసైకిళ్లు, పొలానికి వెళ్లే ఆడవారు, గేదెలు తప్ప పెద్దగా వాహనాలు ఉండవు. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కూర్చొని కనిపిస్తే ఇంజను ఆపండి. అది నీటిలోకి దూకి పైకి రావడం చూడడానికి ఒక్కోసారి అయిదు నిమిషాలు పట్టవచ్చు, పట్టనివ్వండి.

లొల్ల లాకుల దగ్గర ప్రధాన కాలువ చీలి, ఒక పాయ గన్నవరం వైపూ మరొకటి అమలాపురం వైపూ వెళుతుంది. సినిమాలలో చాలాసార్లు కనిపించిన చోటు కావడం వల్ల సెలవు రోజుల్లో ఇక్కడ జనం ఉంటారు, అందుకే పొద్దున్నే చేరమంటున్నాను. లాకు అంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి మరొక మట్టానికి దించే తొట్టి వంటి కట్టడం. పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపులు మూసి, నీటిని నెమ్మదిగా వదిలి, దిగువ మట్టానికి సమానమయ్యాక ముందు తలుపులు తెరిచేవారు. ఆ పద్ధతిని తెలిసి చూస్తే పాత రాతి గోడలూ, తలుపులు ఆడిన గాడులూ ఒక్కొక్కటీ అర్థమవుతాయి. పిల్లలను తీసుకెళ్లినవారు ఇక్కడ వారి చేయి వదలకూడదు. లాకుల దిగువన నీరు సుడి తిరుగుతుంది, ఈత వచ్చినవారు కూడా దిగవలసిన చోటు కాదు.

లొల్లకు దగ్గరలోనే ఆత్రేయపురం ఉంది. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. పెట్టెలు కొనుక్కొని వెళ్లిపోవడం కాకుండా, రేకు తీసే ఇంటి దగ్గర అడిగి చూడండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీదుగా ఒక్కసారి లాగగానే, కాగితం కన్నా సన్నని రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది, గుడ్డ లాగే చేయి ఆగితే చిరుగుతుంది. చూడనిచ్చినందుకు వారి దగ్గరే నాలుగు రేకులు కొనడం మన ధర్మం. నెయ్యి, బెల్లం వేసినవి ఆ రోజే తినేయండి, పంచదారవి ఇంటికి తెచ్చుకోండి.

సమయం ఉన్నవారు ర్యాలి వెళ్లి జగన్మోహినీ కేశవస్వామిని చూడవచ్చు, ఒకే శిలలో ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని. గౌతమి ఒడ్డున ఉన్న వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కు ఉన్నవారు వేల సంఖ్యలో వస్తారు కాబట్టి, ఈ ప్రయాణానికి శనివారం తప్ప మరే వారమైనా మంచిది.

రావులపాలెంలో హైవే అడ్డు తగులుతుంది. అరటి గెలల మార్కెట్టు చూడదలచినవారు అరగంట ఆగవచ్చు, లేకపోతే ఇక్కడ పలహారం చేసి, తొందరగా దాటి కొత్తపేట వైపు దిగిపోవాలి. గోదావరి జిల్లాలో పొద్దుటిపూట దిబ్బరొట్టె దొరికిన చోట ఇంకొకటి అడగవద్దు. కొత్తపేట దాటగానే పలివెల వస్తుంది, అక్కడి ఉమా కొప్పులింగేశ్వరుని గుడి నీడలో పది నిమిషాలు కూర్చున్నా ఒళ్లు తేలికపడుతుంది.

అంబాజీపేట వైపు వెళ్లేకొద్దీ చేలు తగ్గి తోటలు చిక్కబడతాయి. ఆకాశం కొబ్బరాకుల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, రోడ్డు మీద ఎండ కూడా ముక్కలుగానే పడుతుంది. మధ్యాహ్నం ఎండ ముదిరే వేళకు ఈ తోటల్లోకి చేరేలా చూసుకోవాలి. అంబాజీపేట కొబ్బరికి పేరుపడిన మార్కెట్టు. దారి పొడుగునా రాశులు పోసిన కాయల మధ్య ఒలుపు కూలీలు నేలలో పాతిన ఇనుప మొలకు కాయను గుచ్చి, రెండు మూడు తిప్పుల్లో పీచు ఊడదీస్తుంటారు. నేను ఒకసారి గడియారం పట్టుకొని లెక్కపెడదామని కూర్చున్నాను, కాసేపటికి లెక్క మరిచిపోయి చేతులనే చూస్తూ ఉండిపోయాను. ఫోటో తీయాలనుకుంటే ముందు అడగండి. దింపు కూలీ చెట్టు మీద ఉన్నప్పుడు కింద నుంచి కేకవేసి పలకరించవద్దు, ఆయన దృష్టి చెదరకూడదు, దింపు జరుగుతున్న తోట అంచున బండి కూడా ఆపవద్దు.

అక్కడి నుంచి పి.గన్నవరం. ఈ దారి మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టిన చోటు ఇదే. పొద్దున లొల్ల దగ్గర విడిపోయిన గన్నవరం కాలువ ఇక్కడ వైనతేయ పాయను పైనుంచి దాటుతుంది. కింద నది, దాని మీద వంతెన, ఆ వంతెన మీద కాలువ. అవతల వైనతేయకూ వసిష్ఠకూ నడుమనున్న నగరం లంకకు నీరు చేరాలంటే వేరే మార్గం లేదని కాటన్ కాలంలోనే ఈ అక్విడక్టును కట్టారు. పాతది శిథిలమయ్యాక పక్కనే కొత్తది కట్టి, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె ఇక్కడికి దగ్గరలోని లంకల గన్నవరంలో ఉండి, దారిన పోయే బాటసారులకు వేళ అని చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. బాటసారుల ఆకలి తీర్చిన తల్లి పేరును, చేలకు నీరు మోసే కట్టడానికి పెట్టినవారి ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది. బండిని దూరంగా, రాకపోకలకు అడ్డం లేని చోట పెట్టి నడిచి వెళ్లండి. పైన కాలువ నీరు ఒక దిక్కుకూ, కింద నది నీరు మరొక దిక్కుకూ పోతుండగా, రెండింటినీ ఒకే చూపులో చూడగలిగే చోటు వెతుక్కొని కాసేపు నిలబడండి. పొద్దున బొబ్బర్లంక దగ్గర మీ పక్కన పారిన నీరు ఇది.

అవతలికి చేరాక రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. అప్పనపల్లి బాలబాలాజీ గుడి వైనతేయ ఒడ్డున చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం కొంతసేపు అక్కడ గడపవచ్చు. సఖినేటిపల్లి రేవులో నర్సాపురం వైపు మనుషులనూ బండ్లనూ దాటించే పంటు తిరుగుతుంటుంది, ఎక్కకపోయినా రేవుకు దిగి చూడండి. ఎక్కదలచుకుంటే ఆ రోజు తిరుగుతున్నదో లేదో ముందే విచారించుకోవాలి. మొత్తం దూరం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దీనికి పది గంటలు పడితే సరిగా వెళ్లినట్టు.

గట్టు మీద మర్యాద

మన దేశంలో ఎడమవైపు తప్పుకోవాలి కనుక, వీలున్నంతవరకు కాలువ మీ కుడిచేతివైపు ఉండే గట్టును ఎంచుకోండి. అప్పుడు ఎదురు బండికి దారి ఇచ్చేటప్పుడు మీ చక్రాలు నీటి అంచుకు పోవు. నడిపేవారు కూర్చునేది కూడా కుడివైపే కాబట్టి నీరు వారికి దగ్గరగా కనిపిస్తుంది. కాలువ ఎడమవైపున ఉన్నప్పుడు మాత్రం తారు అంచు దాటి ఒక్క చక్రాన్ని కూడా దించకండి. వాన పడిన తరువాత గట్టు భుజం పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. నేను ఒక ఆగస్టు నెలలో ఫోటో కోసం అలా దించి, ముందు చక్రం దిగబడి కదలలేకపోతే, చేలో ఊడ్పుల దగ్గర ఉన్న రైతులు పని ఆపి వచ్చి ట్రాక్టరుతో లాగారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. వారి పని గంటసేపు ఆగిపోయినందుకు నాకు ఈ రోజుకీ బాధగానే ఉంటుంది.

ఎదురుగా లోడు బండి వచ్చినప్పుడు ఆగవలసినదీ, వెనక్కి తీయవలసినదీ మనమే. కొబ్బరికాయలతోనో ధాన్యంతోనో ఒరిగిపోతున్న లారీని అంచుకు నెట్టకూడదు, దానిది పని, మనది తీరుబాటు. అందుకని వెళ్లేటప్పుడే వెడల్పుగా ఉన్న చోట్లను గుర్తుపెట్టుకుంటూ ఉండాలి. వెనుక ఎవరైనా వస్తే వారిని వేచి ఉండనివ్వకుండా, మొదటి వెడల్పు చోటనే పక్కకు తీసి, చేయి ఊపి ముందుకు పంపాలి. నిదానంగా వెళ్లే హక్కు మనకు ఉండాలంటే మన నిదానం ఎవరి పనికీ అడ్డు కాకూడదు. కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే దాని మీదుగా బండి పోనివ్వకండి. గేదెల మంద వస్తే ఇంజను ఆపి హారను కొట్టకుండా కూర్చోండి, అవి కారును రాసుకుంటూ రెండు వైపులా వెళ్లిపోతాయి. బండి ఆపేటప్పుడు చేలోకి దిగే బాటకు, బోదె మీది తూముకు, ఇంటి గుమ్మానికి అడ్డం లేకుండా చూడాలి.

దారి అడగడానికి మొహమాటపడకండి, ఫోను జేబులో పెట్టి మరీ అడగండి. కిటికీలోంచి కాకుండా బండి దిగి, పెద్దవారినైతే "బాబాయిగారూ, గన్నవరం కాలువగట్టు ఎటండీ" అని అడగాలి. "ఆయ్, ఇలా తిన్నగా ఎల్లి, లాకుల కాడ ఎడం పక్కకి దిగిపోండి" అన్న జవాబుతో పాటు, ఏ ఊరు మీది, ఎవరి తాలూకు, మజ్జిగ పుచ్చుకుంటారా అనే మూడు ప్రశ్నలు వస్తాయి. వాటికి నిలబడి జవాబు చెప్పండి. ఈ ప్రాంతంలో 'అండీ' లేకుండా మాట్లాడితే కోపగించుకోరు గాని, పెట్టి మాట్లాడితే ముఖం విప్పారుతుంది.

క్షేమం కోసం మరొక్క మాట. కాలువగట్లకు చాలాచోట్ల అడ్డుగోడలు ఉండవు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి నడిపేవారి చేతికి అందే చోట పెట్టుకోండి. ఒకవేళ బండి నీటిలో పడితే తలుపుతో కుస్తీ పడకుండా, వెంటనే బెల్టు విప్పి, పక్క అద్దం దించో పగలగొట్టో, పిల్లలను ముందు బయటికి పంపి తాము రావాలని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాలి. అద్దాలు దించుకొని వెళ్లమనడానికి ఇది కూడా ఒక కారణం.

అంతర్వేదికి సాయంత్రం నాలుగు గంటలకు చేరితే లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకొని, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లడానికి వెలుతురు ఉంటుంది. కారును ఇసుకలోకి దించకండి, గట్టి నేల మీద వదిలి నడవండి. ఒకవైపు నది నీరు, మరొకవైపు సముద్రపు నీరు రంగు మారుతూ కలిసే చోట, పొద్దున బ్యారేజీ మీద చూసిన గోదావరి ముగుస్తుంది. సూర్యుడు దిగకముందే అక్కడి నుంచి లేవాలి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కాలువగట్టు పట్టకండి. చీకట్లో ఎదురు దీపాల వెలుగుకు గట్టు అంచు కనిపించదు. దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా పెద్ద రోడ్డు పట్టుకోండి, లేదా ఆ రాత్రికి రాజోలు ప్రాంతంలోనే ఉండిపోయి, మర్నాడు ఉదయం అదే కాలువ వెంట ఎగువకు రండి. అప్పుడు నీరు మీకు ఎదురు వస్తుంది, నిన్న దూరంగా కనిపించిన అవతలి గట్టు ఈసారి దగ్గరవుతుంది.